చెరువు వాకిట కాపలా: వడపోత మడి నిర్వహణ ఎవరి బాధ్యత?

(రైల్వే, తపాలా ఉద్యోగుల క్వార్టర్ల కాలనీలో వానాకాలానికి ముందు జరిగిన సర్వసభ్య సమావేశంలో, విశ్రాంత పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

  

నేటి సమావేశపు కార్యక్రమ పట్టికలో నాలుగవ అంశం రెండే రెండు పంక్తులు. చెరువు వైపున ఉన్న వడపోత మడిని పూడ్చివేసి, దానిమీద కాంక్రీటు పరచి, కాలనీ వాననీటిని గొట్టం ద్వారా నేరుగా చెరువులోనికి వదలిపెట్టవలెనన్నది ఆ తీర్మానం. క్వార్టర్ల మరమ్మతుల గురించీ, మంచినీటి సరఫరా గురించీ మనం గంటసేపు చర్చించుకున్నాం. ఈ అంశాన్ని మాత్రం అయిదు నిమిషాలలో చేతులెత్తి ఆమోదించి టీ తాగడానికి వెళ్లిపోయే ప్రమాదం కనిపిస్తున్నది. అందువల్లనే అధ్యక్షులను ప్రత్యేకంగా సమయం కోరి లేచాను.

ఈ తీర్మానాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. అయితే దానిని ప్రతిపాదించిన సోదరులను నిందించడం నా ఉద్దేశం కాదు. వారి ఫిర్యాదు అక్షరాలా నిజం. గత వానాకాలంలో ఆ మడిలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. దోమలు పెరిగాయి. వాసన వచ్చింది. ఆ వరుస క్వార్టర్లలో పసిపిల్లలున్న తల్లులు కిటికీలు మూసుకుని కాలం గడిపారు. వారు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మనకున్నది. ఆ సమాధానం కాంక్రీటు మాత్రం కాదని మనవి చేయడమే నా పని.

మిత్రులారా! మన కాలనీలో పడిన వాన ఎక్కడికి పోతున్నదో ముందుగా ఆలోచించండి. మేడ కప్పులు, సిమెంటు దారులు, స్కూటర్లు నిలిపే చోటు, అంతా కలిసి సుమారు 2,000 చదరపు మీటర్ల నేల ఆ మడి వైపు వాలి ఉన్నది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. కాబట్టి 20 మిల్లీమీటర్ల సామాన్యమైన వాన కురిసిన రోజున 40,000 లీటర్ల నీరు అక్కడికి చేరుతుంది. మట్టి నేల అయితే అందులో చాలా భాగాన్ని తానే తాగివేసేది. సిమెంటు తాగదు, కడిగి పంపిస్తుంది.

ఏమి కడిగి పంపిస్తుంది? వేసవి అంతా పేరుకున్న దుమ్ము, బండ్ల నుండి కారిన చమురు, టైర్లు అరిగినప్పుడు రాలిన జింకు, బ్రేకుల నుండి రాలిన రాగి, కుళ్లిన ఆకులు, పశువుల పేడ, బండ్లు కడిగిన సబ్బునీరు, సిమెంటు పొడి, ప్లాస్టిక్ ముక్కలు. ముఖ్యంగా తొలకరి జల్లు తెచ్చే నీరు అత్యంత మలినమైనది. ఆకాశం నుండి వచ్చినది గదా, వాననీరు స్వచ్ఛమైనదే గదా అని మనం అనుకుంటాం. ఆకాశం నుండి వచ్చినంతవరకే అది స్వచ్ఛం. మన వాకిలి దాటిన తరువాత అది మన వాకిలి నీరే.

ఈ మలినంలో చెరువుకు ఎక్కువ హాని చేసేది భాస్వరం. మట్టి రేణువులను అంటిపెట్టుకుని కొంత, నీటిలో కరిగి కొంత అది చెరువు చేరుతుంది. పొలంలో పైరుకు భాస్వరం ఎంత బలమో, చెరువులో నాచుకూ గుర్రపుడెక్కకూ అంత బలం. నాచు పెరుగుతుంది, చస్తుంది, కుళ్లుతుంది. ఆ కుళ్లుడులో నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. ఒక తెల్లవారుజామున చేపలు తెల్లగా తేలుతాయి. చేపలు ఎందుకు చచ్చాయని పత్రికలో వార్త వస్తుంది. ఏ ఒక్కరూ నేరస్థుడు కాదు. తిలా పాపం తలా పిడికెడు.

బెంగుళూరులోని బెళ్లందూరు చెరువు సంగతి మీలో చాలామందికి తెలిసినదే. 2015లో ఆ చెరువు మీద తేలిన నురుగకు నిప్పంటుకున్నది. 2017 ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ మంటలు, పొగ లేచాయి. నీరు అగ్నిని ఆర్పుతుందని చిన్ననాడు చదువుకున్న మనం, చెరువు మీద మంటలు చూడవలసిన కాలం వచ్చింది. అక్కడ ప్రధాన కారణం శుద్ధి చేయని మురుగు. అటువంటి మురుగును మన చిన్న మడి వంటివి ఆపలేవు. వాటికి శుద్ధి కేంద్రాలు కావలసిందే. ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పడం అవసరం. ఏలననగా, మడి వల్ల సర్వం సాధ్యమని నమ్మబలికితే, రేపు అది సాధ్యం కానప్పుడు చేయగలిగిన పనినీ మనం చేయనివ్వం. మన మడి చేయగలిగినది ఒక్కటే: వాన కడిగి తెచ్చిన వీధి మలినాన్ని చెరువు వాకిట నిలబెట్టి, నీటిని మాత్రమే లోపలికి పంపడం.

ఇక ఆ మడి సంగతి. ఇంజనీర్లు దీనిని బయోఫిల్టర్ అంటారు. ఈ పద్ధతిని ఈ రూపంలో 1990 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో అభివృద్ధి చేశారు. అటు తరువాత ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని ఏళ్ల తరబడి పరీక్షించి, ఏ మట్టి వాడాలి, ఏ మొక్క నాటాలి, ఎందుకు పూడుకుపోతుంది అన్న విషయాలకు లెక్కలు కట్టారు.

ఈ పేర్లు విని ఇదేదో విదేశీ వింత అనుకోకండి. రైలుదారి మీద పనిచేసిన ప్రతి కార్మికునికీ దీని మర్మం తెలుసు. పట్టాల కింద కంకర ఎందుకు పోస్తాం? బరువు మోయడానికి మాత్రమేనా? నీరు నిలువకుండా జారిపోవడానికి కూడా. ఆ కంకర సందులలో మట్టి చేరితే ఏమవుతుంది? నీరు నిలుస్తుంది, బురద పైకి తంతుంది, దారి కుంగుతుంది. అందుకే పదేళ్లకు ఒకసారైనా డీప్ స్క్రీనింగ్ చేసి, కంకరను తవ్వి, జల్లించి, మళ్లీ పోయవలెనన్నది నియమం. కంకర మురికిపడిందని లైను ఎత్తివేసిన ఇన్‌స్పెక్టరును నా సర్వీసులో నేను చూడలేదు.

మన మడి కూడా అటువంటిదే. దాని వైశాల్యం 60 చదరపు మీటర్లు. అడుగున గులకరాళ్ల పొర, అందులో చిల్లుల గొట్టం. దానిమీద ముతక ఇసుక. ఆ పైన అరమీటరు మందాన ఇసుక పాలు ఎక్కువగా గల మట్టి. దానిలో వట్టివేరు, మెట్టతామర మొక్కలు. మడి గట్టు లోపల 20 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచే చోటు. అంతకు మించి వచ్చిన నీరు పొర్లి పోవడానికి ఒక ప్రక్కన అలుగు. నీరు వచ్చే ద్వారం దగ్గర ఒండ్రు ఆగడానికి ఒక తొట్టి.

ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ చేసిన సోదరులకు ఇది ఎలా పనిచేస్తుందో సులభంగా అర్థమవుతుంది. సంచి విప్పిన వెంటనే పెద్ద కట్టలు ఒక వైపు పోతాయి. తరువాత జిల్లాలు, తరువాత ఊళ్లు, చివరకు బీట్లు. అదే విధంగా ప్లాస్టిక్, ఆకులు, ముతక ఇసుక తొట్టిలోనే ఆగిపోతాయి. సన్నని మట్టి మడి పైపొరలో నిలుస్తుంది; దానిని అంటుకున్న భాస్వరం, జింకు, సీసం అక్కడే పట్టుబడతాయి. కరిగిన వాటిలో కొంత భాగాన్ని మట్టి రేణువులు తమ మీదకు లాక్కుంటాయి. కొంత భాగాన్ని వేళ్లు తాగుతాయి. చమురు మరకలను వేళ్ల చుట్టూ బ్రతికే సూక్ష్మజీవులు తిని విరగగొడతాయి. మిగిలిన నీరు అడుగు గొట్టం ద్వారా చెరువుకు చేరుతుంది.

అయితే సార్టింగ్ జరిగిన తరువాత గళ్లు ఖాళీ చేయకపోతే ఏమవుతుంది? రెండవ రోజు కట్టలు నేల మీద పడతాయి. మన మడికి జరిగినది అదే. పట్టుకున్న మలినం ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. ఎవరో ఒకరు తీయవలె. వడపోత అన్నది యంత్రం చేసే పని, ఖాళీ చేయడం మాత్రం మనిషి చేసే పని. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించిన వారూ, ఫొటోలో నిలుచున్న మనమూ ఈ రెండవ సగాన్ని మరచిపోయాం.

లెక్క చూడండి. ఇటువంటి మడి మట్టి గంటకు 100 నుండి 300 మిల్లీమీటర్ల వరకు నీటిని దింపగలగాలని మెల్‌బోర్న్ నిపుణుల సూచన. మన మడి కొత్తలో నిండుగా ఉన్న 20 సెంటీమీటర్ల నీరు గంటన్నర లోపల ఇంకిపోయేది. గత సంవత్సరం అంతే నీరు ఇంకడానికి రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టింది. అనగా గంటకు నాలుగు మిల్లీమీటర్లు. అది ఆరకముందే మరొక వాన. అది ఇంకకముందే ఇంకొకటి. గుడ్డు నుండి దోమ కావడానికి మన వేడిలో సుమారు వారం, పది రోజులు చాలు. ఆ వారం రోజుల నిలువ నీటిని మనమే దోమకు దానం చేశాం. తప్పు మడిది కాదు. మడి మీద పేరుకున్న పొరది. ఆ పొరను తీయని మనది.

ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని ఈ సభలో ఒప్పుకోవడం నా ధర్మం. క్రిందటి వేసవిలో మొక్కలు వాడుతున్నాయని, మట్టిలో సారం లేదని భావించి, రెండు బండ్ల పేడ ఎరువు వేయించినవాణ్ణి నేనే. మొక్కలు పచ్చబడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు. ఎరువు అంటేనే భాస్వరం, నత్రజని. వానలు పడగానే ఆ సారమంతా కరిగి అడుగు గొట్టంలో నుండి చెరువులోకి దిగింది. చెరువును భాస్వరం నుండి కాపాడవలసిన మడి చేత, చెరువుకు భాస్వరం పోయించాను. దాని సన్నని పిప్పి సందులలో చేరి పూడికను పెంచింది. వడపోత మడి పూలతోట కాదు, కూరగాయల పాదు కాదు. దానికి ఎరువు వేయరాదు. ముప్పై ఏళ్లు కంకరలో మట్టి చేరకుండా కాపలా కాసినవాడు, చేతులారా మట్టి చేర్చాడు. తెలియక చేసిన తప్పు అయినా తప్పే.

పూడిక పెంచినది నా ఎరువు ఒక్కటే కాదు. మరమ్మతుల కోసం తెచ్చిన ఇసుక కుప్పను మడి ఎగువనే పోశారు. సిమెంటు కలిపిన తొట్లను అక్కడే కడిగారు. ఆ పాలవంటి నీరు పైపొరలో గట్టి బిళ్ల కట్టింది. ఒకసారి మురుగు గుంత పొంగి మడిలోకి పారింది. ఆ సంగతి మూడు రోజుల వరకు ఎవరూ పట్టించుకోలేదు. ఇవన్నీ ఎవరో శత్రువులు చేసిన పనులు కావు.

సోదరులారా! చెరువును కట్టడం కంటే కాపాడడం కష్టమని మన పూర్వులకు తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటున్నది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెరువును కట్టించిన విషయం అందులో ఉన్నది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను అది వరుసగా చెబుతుంది. ఆ పన్నెండింటిలో జలశాస్త్రం తెలిసిన మనిషి ఒక అంగం! మట్టి, రాయి, గట్టు, తూములతో పాటు మనిషిని కూడా లెక్కలో చేర్చారు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు కూడా ఆ శాసనం చెబుతుంది. రాజు పేరుతో పాటు కూలీల సంఖ్యను రాతిమీద చెక్కించిన ఆ బుద్ధి మెచ్చదగినది.

తెలంగాణ గ్రామాలలో నీరడి అనే గ్రామసేవకుడు ఉండేవాడు. తూము తీయడం, మూయడం, కట్ట మీద తిరుగుతూ గండి పడే సూచనలు చూడడం, పొలాలకు నీరు పంచడం అతని పని. చెరువుకు ఒక మనిషి పేరు ఉండేది. ఆ మనిషికి ఒక ప్రతిఫలం ఉండేది. కట్ట తెగితే ఎవరిని అడగాలో ఊరికి తెలుసు. మన మడికి నీరడి ఎవరు? ఈ ప్రశ్నకు గత రెండేళ్లుగా మన దగ్గర జవాబు లేదు. అందరి పని ఎవరి పనీ కాకుండా పోయింది.

కనుక ఏమి చేయవలెనో క్రమంగా మనవి చేస్తాను. ఇది పెద్ద విద్య కాదు. గ్యాంగ్ డైరీ రాసినవారికీ, బీటు తిరిగినవారికీ అలవాటైన పని.

మొదటిది, మృగశిర కార్తెకు ముందు చేయవలసినది. తొట్టిలోని ఒండ్రును పూర్తిగా తీసివేయాలి. మడి పైపొరను అయిదు సెంటీమీటర్ల మేర, మొక్కల మొదళ్లు కదలకుండా, గీకి తీయాలి. పూడిక చాలావరకు ఆ పై కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది; అడుగు వరకు తవ్వనక్కరలేదు. తీసినంత మేర కడిగిన ముతక ఇసుకను పరచాలి. ఎర్రమట్టి, నల్లరేగడి, ఎరువు, ఏవీ పనికిరావు. అడుగు గొట్టం కొసన ఉన్న మూత తీసి, నీరు పోసి, అది సాఫీగా వస్తున్నదో లేదో చూడాలి. అలుగు ముందు ఏ అడ్డూ లేకుండా చూడాలి.

రెండవది, వానాకాలంలో చేయవలసినది. మడిలో ఒక కొయ్యను పాతి, సెంటీమీటర్ల గీతలు గీయాలి. వంతెనల దగ్గర ప్రమాద మట్టం గీత చూసినవారికి ఇది కొత్త కాదు. పెద్ద వాన వెలిసిన వెంటనే నీటి మట్టం ఎంత, ఎన్ని గంటలకు ఇంకిపోయింది అని పుస్తకంలో రాయాలి. మూడు, నాలుగు గంటలలో ఇంకితే మడి ఆరోగ్యంగా ఉన్నట్లు. పన్నెండు గంటలు దాటితే పైపొరను పళ్ల కర్రతో కదిలించాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే తప్పక గీకి తీయాలి. రెండు రోజుల వరకు వేచి చూడరాదు. ఈ ఒక్క కొలతను సక్రమంగా రాస్తే దోమల ప్రశ్న తనంతట తానే తీరుతుంది. మడి తడిగా ఉండడం దోషం కాదు. మడిలో నీరు నిలిచి ఉండడమే దోషం.

మూడవది, వారానికొకసారి చేయవలసినది. నీరు వచ్చే ద్వారం దగ్గర చేరిన ఆకులు, సంచులు తీయాలి. తొట్టిలో ఒండ్రు సగం దాకా నిండితే ఖాళీ చేయాలి. కలుపు తీయాలి, కలుపు మందు మాత్రం చల్లరాదు, అది నేరుగా చెరువుకే పోతుంది. ఎక్కడైనా మొక్క చచ్చి ఖాళీ ఏర్పడితే వెంటనే మరొకటి నాటాలి. ఏలననగా, వేళ్లు లోపల కదులుతూ పెరుగుతూ చచ్చిపోతూ మట్టిలో దారులు తెరుస్తుంటాయి. మొక్కలు పోయిన మడి త్వరగా పూడుకుపోతుంది.

నాలుగవది, చలికాలంలోనూ వేసవిలోనూ చేయవలసినది. బాగా పెరిగిన మొక్కలను కత్తిరించి, ఆ ఆకును మడిలోనే వదలకుండా బయటికి చేరవేయాలి. అది కుళ్లితే, తాగిన భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. వేసవిలో వారానికి ఒకటి, రెండు సార్లు నీరు పోసి మొక్కలను బ్రతికించుకోవాలి. వట్టివేరు ముంపుకూ ఎండకూ ఓర్చుకుంటుంది; మెట్టతామర అంత ఓర్వదు. రోహిణి ఎండలలో రెండు బిందెల నీరు పోయనందుకు, జూన్‌లో కొత్త మొక్కలకు వందలు ఖర్చు చేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మిత్రులారా! ఇంతవరకు ఏ పని చేయవలెనో చెప్పాను. ఆ పనిని ఎవరు చేయవలెనన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఉద్యోగుల సంఘంగా మనం దీనిని దాటవేయరాదు.

ఆకులు తీయడం, నీరు పోయడం, కొయ్య మీద మట్టం చూసి రాయడం మన ఇంటి పనులు. వీటిని బ్లాకుల వారీగా వంతులు వేసుకుని మనమే చేయాలి. ఒండ్రు ఎత్తడం, పైపొర గీకడం మాత్రం కాయకష్టం. ఆ మట్టిలో సీసం, జింకు, చమురు ఉంటాయి, గాజు పెంకులు ఉంటాయి. దానిని ఎత్తేవారికి చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు, పని ముగిసిన తరువాత సబ్బు, నీరు ఉండాలి. ఊడ్చడానికి వచ్చే పారిశుధ్య కార్మికురాలిని పిలిచి, "అమ్మా, ఇది కూడా కాస్త తీసిపెట్టు" అనడం మనకు పరిపాటి. అది ఆమె పని కాదు. దానికి ఆమెకు జీతం లేదు. మన పనికి మనం ఓవర్‌టైమ్ అడుగుతాం. ఆమె చేత ఊరకనే చేయిస్తే మన నోటికి ఆ హక్కు ఎలా ఉంటుంది? ఆ పనికి ప్రత్యేకంగా రోజు కూలి నిర్ణయించి, కాలనీ నిర్వహణ ఖర్చులో రాసి ఇవ్వాలి. తీసిన ఒండ్రును చెరువు గట్టు మీద పారవేయరాదు, కూరగాయల పాదులలో వేయరాదు. నగరపాలక సంస్థ చెత్త తరలింపులో అప్పగించాలి.

మరొక హెచ్చరిక. మడి అడుగు గొట్టం కలిసే గుంతలోకి గానీ, ప్రక్కనున్న మురుగు గుంతలోకి గానీ ఏ మనిషినీ ఏ పరిస్థితిలోనూ దింపరాదు. అక్కడ విషవాయువు ఉండవచ్చు. రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు గుంతలలో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు చెల్లించవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ముప్పై లక్షలైనా, మూడు కోట్లైనా ఒక ప్రాణానికి సమానం కాదు. చెరువును రక్షించే పేరుతో ఒక కార్మికుణ్ణి గుంతలో దించితే, మనం రక్షించినది ఏమిటి? గుంత పూడితే యంత్రం కోసం దరఖాస్తు పెట్టి, అది వచ్చేవరకు వేచి ఉండవలసిందే.

ఇక తీర్మానాన్ని ప్రతిపాదించిన సోదరుల వాదాలకు వస్తాను. కాంక్రీటు వేస్తే ఖర్చు ఒక్కసారితో పోతుందని వారు అంటున్నారు. పోదు. గొట్టం కూడా పూడుకుపోతుంది. దానిని తెరవడం మరింత కష్టం. పైగా మలినం చెరువులో చేరి, చెరువు కుళ్లితే, ఆ వాసనా ఆ దోమలూ మన కిటికీలకే వస్తాయి. అప్పుడు 60 చదరపు మీటర్లు కాదు, చెరువంతా దోమల మడి అవుతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లు కాకూడదు.

స్కూటర్లకు చోటు చాలడం లేదని మరికొందరు అంటున్నారు. అది నిజమైన ఇబ్బందే. అటుప్రక్క పాత షెడ్డు ఖాళీగా ఉన్నది. దానిని ఇప్పించమని అధికారులను కోరదాం. ఆ మహజరు మీద మొదటి సంతకం నేను చేస్తాను.

పెద్ద వాన వస్తే ఇంత చిన్న మడి ఏం చేస్తుందని ఇంకొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన వానలకు చెరువుల కట్టలు తెగి కాలనీలు మునిగిన దృశ్యాలు మనం మరచిపోలేదు. అటువంటి వానను ఏ మడీ ఆపదు. ఆపడానికి దానిని కట్టలేదు. ఆ రోజున నీరు అలుగు మీదుగా పొర్లి పోవలసిందే. కానీ సంవత్సరంలో ఎక్కువ వానలు అటువంటివి కావు. పది, ఇరవై మిల్లీమీటర్ల చిన్న వానలే ఎక్కువ. వీధులను కడిగి మలినాన్ని తెచ్చేవి ముఖ్యంగా అవే. పనిచేస్తున్న మడి అంచు వరకు 12,000 లీటర్లు పట్టుకుని, గంటకు సుమారు 9,000 లీటర్లు దింపుతుంది. అటువంటప్పుడు 20 మిల్లీమీటర్ల వాన మూడు, నాలుగు గంటల పాటు నెమ్మదిగా కురిస్తే, ఆ నీరంతా మడి గుండానే వెళుతుంది. మెయిలు నిండా వచ్చే దసరా, దీపావళి రోజులను చూపించి, మిగిలిన రోజుల పంపిణీ మానివేద్దామని ఏ పోస్టాఫీసూ అనదు గదా!

చివరిగా సవరణ తీర్మానం చదువుతాను. ఒకటి: వడపోత మడిని పూడ్చరాదు, ఈ వానాకాలానికి ముందే పైపొర తీయించి ఇసుక పరచవలెను. రెండు: మడి ఎగువన ఇసుక, సిమెంటు నిలువ చేయరాదు, బండ్లు కడగరాదు. మూడు: బ్లాకుల వారీగా వంతులు నిర్ణయించి, పుస్తకం పెట్టవలెను, ఒక రైల్వే ఉద్యోగిని, ఒక తపాలా ఉద్యోగిని బాధ్యులుగా ఎన్నుకొనవలెను. నాలుగు: ఒండ్రు పనికి రోజు కూలి, రక్షణ సాధనాలు కాలనీ ఖర్చులో చేర్చవలెను, ఏ మనిషినీ గుంతలోకి దించరాదు. అయిదు: ఒక వానాకాలం పుస్తకం నడిపిన తరువాత, నవంబరు సమావేశంలో ఆ అంకెలను సభ ముందుంచవలెను.

ఈ అయిదవ అంశాన్ని ప్రత్యేకంగా గమనించండి. నా మాట మీద నమ్మమని నేను కోరడం లేదు. అంకెలు చూసి నిర్ణయించమని కోరుతున్నాను. శ్రద్ధగా నిర్వహించిన తరువాత కూడా మడిలో నీరు రోజుల తరబడి నిలిచి, దోమలు పెరిగితే, నవంబరులో పూడ్చే తీర్మానాన్ని నేనే బలపరుస్తాను. కానీ ఒక్క వానాకాలమైనా కాపలా కాయకుండా, కాపలా వ్యర్థమని తేల్చివేయడం న్యాయం కాదు.

మన ఉద్యోగాలు ఎటువంటివి? కుండపోత వానలో రాత్రివేళ లాంతరు పట్టుకుని దారి వెంట నడిచిన గ్యాంగ్‌మన్ పేరు, క్షేమంగా ఊరు చేరిన ప్రయాణికునికి తెలియదు. మండుటెండలో బీటు తిరిగి ఉత్తరం అందించిన పోస్ట్‌మన్ పేరు చాలా ఇళ్లలో తెలియదు. రైలు పట్టాలు తప్పనందుకు, ఉత్తరం తప్పిపోనందుకు ఎవరూ సన్మానం చేయరు. ఏమీ జరగకపోవడమే మన పని జరిగిందనడానికి సాక్ష్యం. ఈ మడి పని కూడా అటువంటిదే. చెరువు చెరువుగానే ఉంటే, ఎవరూ మనల్ని తలచుకోరు. తలచుకోనవసరం లేదు కూడా.

సవరణకు మద్దతు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పుస్తకంలో మొదటి వారం వంతు నా పేరున రాయండి. ఎరువు వేయించిన చేతితోనే పైపొర గీకే పని మొదలుపెడతాను.